పిలుపు నుంచి రాజీనామా దాకా: మర్యాదల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో డిగ్రీ ముగించుకొని తొలి ఉద్యోగంలో చేరేవారు, పెద్దలు తిరగలేని స్థితికి వచ్చాక ఇంటి తరఫున పెళ్లిళ్లకూ పరామర్శలకూ తామే వెళ్లవలసి వచ్చినవారు కొన్ని సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటికి జవాబులను సందర్భాల వరుసలో ఇక్కడ కూర్చాము. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## పిలుపులు, కట్నాలు

పెళ్లి పత్రిక వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా, ఇంటింటికీ తిరగాల్సిందేనా?

మేనమామలు, ఆడబిడ్డలు, వియ్యంకులు, ఇంటి పక్కవారు, పొలం గట్టు పంచుకునేవారు మీరు స్వయంగా గడప తొక్కి పిలవవలసినవారు. పసుపు అద్దిన పత్రికతో వెళ్లి, బొట్టు పెట్టి, ముహూర్తాన్నీ ఫంక్షన్ హాల్ పేరునూ నోటితో చెప్పినప్పుడే వారు దాన్ని పిలుపుగా లెక్కిస్తారు. పుణే, ముంబై, హైదరాబాద్‌లలో స్థిరపడిన పాలమూరు కుటుంబాలకు మాత్రం ముందుగా ఫోన్ చేసి, ఆ ఇంటి పెద్దతో మాట్లాడి, తర్వాత పత్రిక పంపితే చాలు. ఒక్క మాటైనా చెప్పకుండా గ్రూపులో పత్రిక వేసినవారు, ఎవరు రాలేదో లెక్కపెట్టి అలగడం న్యాయం కాదు. భర్తను కోల్పోయిన పెద్దమ్మనో అత్తనో పిలవవలసి వచ్చినప్పుడు, కొడుకు చేతికి పత్రిక ఇచ్చి వచ్చేయడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఆమె పేరు రాసిన పత్రికను ఆమెకే ఇచ్చి, ఎదుట కూర్చొని, “నువ్వు తప్పకుండ రావాలె పెద్దమ్మా” అని పిలవడమే పద్ధతి.

పిలిచారు కానీ పోలేను. ఏమని చెప్పాలి?

పెళ్లికి ముందే ఫోన్ చేసి రాలేకపోతున్నానని ఒక్క వాక్యంలో చెప్పండి. కారణాన్ని సాగదీయకండి, లేని జ్వరాన్ని తెచ్చిపెట్టుకోకండి; అదే రోజు మీరు ఇంకో పెళ్లిలో ఉన్న ఫొటో సాయంత్రానికల్లా వారికి చేరుతుంది. కట్నాన్ని మీ ఊరి నుంచి వెళ్లేవారితో పంపవచ్చు, లేదా తర్వాత కొత్త జంటను చూడడానికి వెళ్లినప్పుడు ఇవ్వవచ్చు.

కట్నం ఎంత చదివించాలి? వాళ్లు మాకు పెట్టినదానికన్నా తక్కువ పెడితే తప్పా?

మీ ఇంట్లో జరిగిన పెళ్లి కట్నాల పుస్తకాన్ని తీసి, వారు ఎంత రాయించారో చూసి, దానికి సమానంగానో కొంచెం ఎక్కువగానో పెట్టడం ఊళ్లలో నడిచే పద్ధతి. శక్తి లేనప్పుడు తక్కువ పెట్టినా తప్పు లేదు, దానికి సంజాయిషీ చెప్పవలసిన పని అంతకన్నా లేదు. కట్నాలు రాసే బల్ల దగ్గర మీ పేరుతో పాటు ఇంటిపేరునూ ఊరినీ స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే ఒకే పేరుతో నలుగురైదుగురు రాయించిన పుస్తకంలో ఎవరిది ఏదో తేల్చుకోలేక ఇంటివారు తర్వాత ఇబ్బంది పడతారు. వెనుకవారికి వినిపించేలా మొత్తాన్ని గట్టిగా ప్రకటించడం మాత్రం మానుకోవాలి. ఇక నూటపదహార్ల సంగతి: నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా రూపాయలు 7 కలిస్తే బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 అయ్యేవి, అంటే వంద బ్రిటిష్ రూపాయలకు నూటపదహారుకు పైచిలుకు హాలీ రూపాయలు వచ్చేవి. మన పెద్దలు ఈ ఆచారాన్ని ఆ లెక్కతోనే ముడిపెడతారు. ఇప్పుడు 116 పెట్టినా 500 పెట్టినా శుభాశుభాల తేడా ఏమీ ఉండదు.

## గడప దగ్గర, విస్తరి ముందు

చెప్పకుండా ఎవరింటికైనా పోవచ్చా?

ఊళ్లో, పగటిపూట, తలుపు తీసి ఉన్న ఇంటికి వెళ్లవచ్చు. బయటి నుంచే వరుస పెట్టి పిలిచి, లోపలి నుంచి పలుకు వచ్చేదాకా ఆగాలి. పట్టణంలో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇంటికి ఫోన్ చేయకుండా వెళ్లకూడదు. వీధి చివరికి వచ్చి చేసే ఫోన్‌ను ముందుగా చెప్పడం అనరు.

నల్గొండ దిక్కు చుట్టాల ఇంటికి పోయినప్పుడు సొంత నీళ్ల బాటిల్ తీసుకుపోతే అవమానించినట్టా?

అవమానం కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లోని భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉండటం వల్ల తరాల తరబడి అక్కడివారి పళ్లూ ఎముకలూ దెబ్బతిన్నాయి. కాబట్టి అక్కడ “ఇవి ఏ నీళ్లు?” అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు, ప్రభుత్వ మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో ఇంటివారే ముందుగా చెప్పి మరీ ఇస్తారు. (పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని ఇతర దేశాల్లో కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. ఒక జిల్లాకు ఇలాంటి పేరు రావడం సంతోషించవలసిన సంగతేమీ కాదు.) తేడా అంతా బాటిల్‌ను బయటికి తీసే తీరులో ఉంటుంది. ఇంటావిడ చెంబుతో నీళ్లు తెచ్చినప్పుడు రెండు చేతులతో అందుకొని, కాళ్లూ ముఖమూ కడుక్కొని, కూర్చున్న తర్వాత మీ నీళ్లు మీరు తాగవచ్చు. చెంబుకు చేయి అడ్డం పెట్టి, ఆమె ఇంకా నిలబడి ఉండగానే బాటిల్ మూత తిప్పితే మాత్రం ఆమె మనసు కష్టపడుతుంది.

ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయినవారితో మాట్లాడేటప్పుడు నాకు ఎటు చూడాలో తెలియదు.

ముందుగా మీరు కూర్చోండి. మెడా నడుమూ బిగుసుకుపోయిన మనిషి తల పైకెత్తలేరు కనుక, మీరు నిలబడి మాట్లాడుతున్నంతసేపూ వారికి మీ మోకాళ్లే కనిపిస్తాయి. మంచం మీద వారు ఉంటే మీరు పీట మీదనో నేల మీదనో కూర్చొని, వారి చూపుకు అందే ఎత్తులో ముఖం పెట్టి మాట్లాడాలి. పక్కనున్నవారిని “ఈయన చాయ్ తాగుతడా?” అని అడగకుండా నేరుగా వారినే అడగాలి. లేపడానికి చేయి అందించే ముందు, పట్టుకోమంటారా అని అడగడం తప్పనిసరి, ఎందుకంటే బిగుసుకున్న కీళ్లను తెలియక లాగితే విపరీతమైన నొప్పి కలుగుతుంది. ఫొటో అడగవద్దు. కెమెరాలతో వచ్చి, జాలిపడి వెళ్లిపోయినవారిని ఆ ఊళ్లు ఏళ్లుగా చూస్తూనే ఉన్నాయి.

చాలు అన్నా వినకుండా వడ్డిస్తూనే ఉంటారు. ఎట్లా ఆపాలి?

మొదటిసారి అన్నీ కొద్దికొద్దిగా పెట్టించుకుంటే, రెండోసారి కొసరి వడ్డించినప్పుడు ఒక గరిటె వేయించుకొని వారి మాట నిలబెట్టవచ్చు. మూడోసారి విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, కూర బాగుందని చెప్పి ఆపేయండి. వడ్డించేవారికి ఒక మాట: షుగర్ ఉన్నవారికి, పెద్ద వయసువారికి బలవంతంగా తీపి పెట్టడాన్ని ఆప్యాయత అనుకోకూడదు.

దావత్‌లో మందు వద్దంటే “జరంత తీసుకో, ఏం కాదు” అని వదలరు. ఎలా తప్పించుకోవాలి?

“నేను తీసుకోను అన్నా” అని నవ్వుతూ ఒక్కసారి స్పష్టంగా చెప్పి, చేతిలో ఒక కూల్‌డ్రింక్ గ్లాసు పట్టుకోండి, ఎందుకంటే ఖాళీ చేతిని చూసినవారే ఎక్కువగా బలవంతం చేస్తారు. మాత్రలు వాడుతున్నాననో, మొక్కు ఉందనో అబద్ధం చెబితే తర్వాతి దావత్‌లో దాని గడువు అడుగుతారు. తాగుతున్నవారికి ఆరోగ్యం గురించి చెప్పడం ఆ పూటకు మానుకుంటే, మీరు కూర్చున్నందుకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. కల్లు విషయంలోనూ ఇంతే. ఈత కల్లు మంచిదన్న వాదనలోకి దిగితే ముంత మీ చేతికి రాక తప్పదు.

ఒకరికి మాత్రం వేరే గ్లాసులో చాయ్ ఇస్తే, అక్కడే ఉన్న నేను ఏం చేయాలి?

అందరికీ స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చి, ఒక్కరికి కాగితం కప్పులో ఇవ్వడం, లేదా గ్లాసును చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి తీసుకోమనడం మర్యాద లోపంతో సరిపెట్టుకునే సంగతి కాదు. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసింది. హోటల్‌లోనో చాయ్ దుకాణంలోనో ఇలాంటిది జరిగితే, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. మీరు ఒకరి ఇంటికి అతిథిగా వెళ్లినప్పుడు కూడా చేయగలిగిన పని ఒకటుంది: మీ గ్లాసును పక్కన పెట్టి, “నాకు కూడా కప్పులోనే ఇవ్వండి” అని అడగండి. ఆ ఒక్క మాటతో ఇంటివారికి విషయం అర్థమవుతుంది, ఆ వ్యక్తి పేరు నలుగురిలో ఎత్తవలసిన అవసరమూ ఉండదు. తర్వాత ఆయనను పక్కకు పిలిచి “ఏమనుకోకు, వాళ్లంతే” అని ఓదార్చడం మంచిది కాదు, ఎందుకంటే సర్దుకుపోయే బాధ్యతను మళ్లీ ఆయన మీదనే పెట్టినట్టవుతుంది. అంతరం పాటించిన ఇంటివారితోనే, మీకు చనువు ఉంటే, ఆ తర్వాత మాట్లాడాలి.

జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడుగుతారు. కోపం రాకుండా ఏమని జవాబు చెప్పాలి?

జీతం గురించి “ఇల్లు గడుస్తుంది చిన్నాయనా” అని చెప్పి, ఆయన పొలం సంగతో ఈసారి పత్తి ధర సంగతో అడిగితే మాట మారుతుంది. పెళ్లి గురించిన ప్రశ్నకు “కుదిరితే ముందు మీకే చెప్త” అనవచ్చు. పిల్లల గురించిన ప్రశ్నను మాత్రం అడిగేవారే మానుకోవాలి. ఆ దంపతులు ఎన్ని ఆసుపత్రులు తిరుగుతున్నారో, ఎన్నిసార్లు గర్భం నిలవక బాధపడ్డారో మనకు తెలియదు. ఎవరైనా నలుగురిలో అడిగినప్పుడు ఆ కోడలినే జవాబు చెప్పనివ్వకుండా, ఇంటి పెద్దలెవరైనా కల్పించుకొని మాట మళ్లిస్తే అది ఎంతో గొప్ప మర్యాద.

## పరామర్శ

చావు జరిగిన ఇంట్లో ఏం మాట్లాడాలో తెలియక పోవడమే మానేస్తున్నాను. ఏం చేయాలి?

వెళ్లి, పక్కన కూర్చొని, చేయి పట్టుకుంటే చాలు. మాట్లాడకపోవడం అక్కడ తప్పు కాదు. వచ్చిన ప్రతి ఒక్కరూ “ఎట్లయింది?” అని అడుగుతుంటే, ఆ కొడుకో కూతురో చివరి గంటల కథను పొద్దంతా చెప్పుకుంటూ పోవలసి వస్తుంది. ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే ఇంటి బయట కూర్చున్న దూరపు చుట్టాలను అడగండి. “ఇంకో దవాఖానలో చూపెడితే బతికేటోడు” అన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ నోటి నుంచి రాకూడదు. అది విన్నవారు దాన్ని జీవితాంతం మోస్తారు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక, అన్నమూ పప్పుచారూ వండి పంపడం, చిన్నపిల్లలను మీ ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టడం నిజమైన సాయాలు. బయలుదేరేటప్పుడు “పోయొస్త” అనకుండా మౌనంగా లేచి రావడం మన ఆచారం. అంత్యక్రియలకు అందుకోలేకపోతే దినాల లోపు వెళ్లవచ్చు, అదీ కుదరకపోతే ఆ తర్వాతైనా వెళ్లవచ్చు. ఆలస్యమైందని పూర్తిగా మానేయడమే వారు గుర్తుపెట్టుకుంటారు.

చనిపోయినవారి ఫొటో స్టేటస్ పెట్టొచ్చా?

ఇంటివారు పెట్టిన తర్వాత పెట్టవచ్చు. దుబాయిలో ఉన్న కొడుకు తండ్రి మరణాన్ని ఊరివారి స్టేటస్‌లో చూసి తెలుసుకునే పరిస్థితి తేకూడదు. పాడె మీది ఫొటోలు, ఏడుస్తున్నవారి వీడియోలు అసలు తీయనేకూడదు.

## బస్సులో, ప్రభుత్వ కార్యాలయంలో

కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటే తప్పేముంది?

మహబూబ్‌నగర్, నల్గొండ, దేవరకొండ బస్టాండ్లలో బస్సు పూర్తిగా ఆగకముందే దస్తీలు, సంచులు, ఒక్కోసారి అన్నం డబ్బాలు కూడా కిటికీల్లోంచి లోపలికి పడుతుంటాయి. ఎంత పాత అలవాటైనా దస్తీకి సీటు మీద హక్కు రాదు. తలుపు దగ్గర తోసుకోకుండా వరుసలో ఎక్కిన మనిషి దాన్ని తీసి మీ చేతికిచ్చి కూర్చుంటే మీరు గొడవ పడకూడదు. వెంట గర్భిణియో, మెట్లు మెల్లగా ఎక్కే తాతో ఉన్నప్పుడు ఒక్క సీటు ఆపి, అడిగినవారికి ఆ మనిషిని చూపించగలిగితే ఎవరూ కాదనరు. ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం ఉంది. జీరో టికెట్ తీసుకున్నవారిని చూసి “ఫ్రీగ ఎక్కినోళ్లు నిలబడాలె” అనే మాటలు వినిపిస్తున్నాయి. ఆ చార్జీని ప్రభుత్వం భరిస్తోంది కనుక ఆమె కూడా టికెట్ ఉన్న ప్రయాణికురాలే. ఫోన్‌లో వీడియోలు చూసేవారు శబ్దం తమ చెవి వరకే ఉంచుకోవాలి.

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోతే కలెక్టర్‌తో ఎలా మాట్లాడాలి? కాళ్లు మొక్కితే పని తొందరగా అవుతుందా?

కాళ్లు మొక్కవద్దు. దొరల ముందు “బాంచన్, కాల్మొక్త” అనక తప్పని కాలం ఈ నేల మీద నడిచింది. 1946 జులై 4న అప్పటి నల్గొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయిన తర్వాత రాజుకొని 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, ఆ వంగుబాటును కూడా వదిలించుకోవడానికే జరిగింది. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లేటప్పుడు అర్జీని ఒకే పేజీలో రాసుకోండి. పేరు, ఊరు, మండలం, సర్వే నంబరు లేదా పింఛను వివరం, ఇంతకుముందు ఎవరికి ఏ తేదీన దరఖాస్తు ఇచ్చారన్నది అందులో ఉండాలి. నమస్కారం పెట్టి, సమస్యను మూడు నాలుగు వాక్యాల్లో చెప్పి, కాగితం ఇవ్వండి. కింది ఉద్యోగి మీద కోపం ఉన్నా తిట్టకుండా, ఏ పని ఏ రోజు ఆగిందో చెబితే మీ మాటకు బలం ఉంటుంది. రసీదు అడిగి తీసుకోవడం మీ హక్కు, అది అమర్యాద కాదు. అధికారుల వైపు నుంచి పాటించవలసిన మర్యాద కూడా ఒకటుంది: పెద్ద వయసు మనిషిని నిలబెట్టి, “నువ్వు” అని ఏకవచనంతో పిలుస్తూ మాట్లాడకూడదు.

## ఉద్యోగంలో

మా ఊళ్లో నాయిననూ తాతనూ కూడా ‘నువ్వు’ అనే పిలుస్తాం. ఆఫీసులో అలా అంటే తప్పుగా అనుకుంటున్నారు. ఏం చేయాలి?

మన పల్లెల్లో వరుసతో కలిపి అనే ‘నువ్వు’లో అమర్యాద లేదు, “నువ్వు తిన్నవా తాతా” అన్న మాటలోని ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆఫీసులో వరుసలు ఉండవు కాబట్టి అందరినీ ‘మీరు’ అనడం క్షేమం. అందరినీ అన్న మాటను పూర్తిగా పాటించాలి. మేనేజర్‌ను ‘సార్’ అంటూ, తండ్రి వయసున్న అటెండర్‌ను “ఏయ్, చాయ్ పట్రా” అని పిలిచేవారికి మర్యాద తెలుసని చెప్పలేము. ఊడ్చే ఆమెకు, సెక్యూరిటీ గార్డుకు పేర్లుంటాయి. చేరిన మొదటి వారంలోనే తెలుసుకొని, పేరుకు అన్ననో అక్కనో చేర్చి పిలవండి.

ఇంటర్వ్యూలో మన యాస వస్తే నవ్వుతారని భయం.

యాసను దాచే ప్రయత్నంలో మాట తడబడితేనే నష్టం జరుగుతుంది. తెలుగులో జరిగే ఇంటర్వ్యూలో మీకు సహజంగా వచ్చే తెలుగులో, నెమ్మదిగా, వాక్యం పూర్తి చేస్తూ మాట్లాడండి. ప్రజాకవి కాళోజీ జయంతి అయిన సెప్టెంబర్ 9ని రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది. అలాంటి భాషకు క్షమాపణ చెప్పవలసిన అవసరం లేదు. ఎవరైనా మీ మాటను అనుకరించి నవ్వితే, నవ్వు ఆగేదాకా ఆగి, చెప్పదలచుకున్నది పూర్తి చేయండి.

రంజాన్‌లో ఉపవాసం ఉన్న సహోద్యోగి ముందు టీ తాగొచ్చా?

తాగవచ్చు; చాలామంది ఏమీ అనుకోరు. బలవంతంగా అందించకూడదు, “నీళ్లు కూడా తాగరా?” అని రోజూ ఆశ్చర్యపోకూడదు. తెలంగాణలో ప్రభుత్వ ముస్లిం ఉద్యోగులకు ఈ మాసంలో సాయంత్రం 4 గంటలకే వెళ్లే వెసులుబాటు ఇస్తూ వస్తున్నారు; ప్రైవేటు సంస్థలో కూడా మీటింగులను ఇఫ్తార్ వేళకు పెట్టకుండా చూడవచ్చు. నల్గొండ లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గాకో, ఇంకే దర్గాకో వారితో కలిసి వెళితే తలకు దస్తీ కట్టుకోవాలి, చెప్పులు బయట విడవాలి.

“సరదాగా అన్న” అంటూ నా బట్టల గురించి మాట్లాడుతున్నారు. మర్యాద కోసం నవ్వి ఊరుకోవాలా?

నవ్వవలసిన అవసరం లేదు. “ఇలాంటి మాటలు నాకు నచ్చవు, మళ్లీ అనకండి” అని మామూలు గొంతుతో చెప్పండి, తేదీతో సహా రాసిపెట్టుకోండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న సంస్థల్లో పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. పక్కన కూర్చొని విన్న మగవారు ఆ జోకుకు నవ్వకపోతే, సగం జోకులు అక్కడే ఆగిపోతాయి.

రాత్రి పదకొండుకు సార్ మెసేజ్ పెడతారు. వెంటనే జవాబివ్వాలా?

అత్యవసరమైతే ఫోన్ చేస్తారు. మిగతావాటికి పొద్దున డ్యూటీ మొదలయ్యే వేళకు జవాబిస్తే చాలు. మీరు కూడా పనికి సంబంధించిన విషయాన్ని నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపకండి. రెండు వాక్యాలు టైప్ చేయండి.

సహోద్యోగికి చేబదులు ఇచ్చాను. ఎలా అడగాలి?

ఒంటరిగా ఉన్నప్పుడు, జీతం పడ్డ రోజునో మర్నాడో, “ఈ నెల నాకు అవసరం పడింది, సర్దగలవా?” అని అడగండి. అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. గ్రూపులో అడగడం, వారి ఇంటికి ఫోన్ చేయడం మాత్రం కూడదు.

ఇంకో ఉద్యోగం వచ్చింది. బాగా నడుచుకుంటూ మానేయాలంటే ఏం చేయాలి?

మొదట మీ పై అధికారికి, తలుపు వేసి ఉన్న గదిలో, నోటితో చెప్పండి; మీ వార్త ఆయనకు క్యాంటీన్ ద్వారా చేరకూడదు. అదే రోజు రాజీనామాను రాతపూర్వకంగా ఇచ్చి, నియామక పత్రంలో ఉన్న నోటీసు కాలాన్ని పాటించండి. కొత్త జీతం ఎంతో మిగిలినవారి ముందు చెప్పుకోకండి, పాత సంస్థ లోపాలను చివరి వారంలో ఏకరువు పెట్టకండి. మీ పనులు ఏ దశలో ఉన్నాయో, ఏ కాగితం ఏ ఫైల్లో ఉందో రాసి మీ స్థానంలోకి వచ్చేవారికి ఇవ్వండి. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్, తాళాలు అప్పగించినట్టు సంతకం తీసుకొని, రిలీవింగ్ లెటర్ ఎప్పుడు ఇస్తారో అడిగి తెలుసుకోండి.